హార్మోనియానికి జ్వరమొస్తుందా?

పులివెందుల,
16 ఆగస్టు 2023.

చెన్నకేశవకు,

చిరంజీవి అని రాయబోయి, అలవాటుకొద్దీ చెయ్యి 'చి' దాకా పోయింది. కొట్టేశాను. పైన గీత కనిపిస్తోంది కదా, కావాలనే ఉంచాను.

ఈ రోజుల్లో ఉత్తరమేంది అని నవ్వుకుంటావు. అమ్మ పెద్దదినం రోజు షామియానా కింద అందరి ముందర నేను ఒట్టు పెట్టుకున్నాను, గుర్తుందా? "మాయమ్మ గొంతు చెడగొట్టినావు, ఈ జన్మలో నీ గొంతు నేను వినను పో" అన్నాను. ఒట్టంటే ఒట్టే. నీ నంబరు తీసేశాను. తమ్ముడివైనా సరే, చెప్పుకోవాల్సింది ఉంటే కాగితం మీద చెప్పుకో. కాగితానికి గొంతుండదు.

ఏం చేశానని అడుగుతావేమో, విను. మందను కొండ మీదికి తోలే రోజు మన ఇండ్లల్లో పాడే మంద కదిలిన పాటను అమ్మ ముప్పై ఐదేళ్ళు గంగమ్మ ముందర పాడింది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆ పాటంటే సుబ్బరత్నమ్మ, సుబ్బరత్నమ్మంటే ఆ పాట. ఫోన్లో పాడమంటే "దాంట్లో పాడితే గొంతు అరిగిపోతాది, నాకొద్దు" అనేది. మూడేళ్ళు బతిమాలి, కడకు జూలై పద్నాలుగున ప్రొద్దుటూరులో నీ స్టూడియోకు పిలుచుకొచ్చాను. ఇరవై రోజులకే పోయింది. ఆమె గొంతు ఈ భూమ్మీద మిగిలింది నీ మిషన్లోనే.

ఆ మిషన్లో నుంచి మొన్న మైకులోకి ఏం వచ్చింది? అలిసిపోయి, కూలబడిన మనిషి గొంతు. ప్రతి పదం ఈడ్చుకుంటా వచ్చింది. ఎప్పుడూ కంచు మోగినట్టుండే మనిషి అట్ల మూలిగింది. చివరికి మంగళం కూడా లేకుండా నడుమన ఆగిపోయింది. మేనత్త రామేశ్వరమ్మ అడగనే అడిగింది, "ఏంరా కేశవా, మా వదిన గొంతు అట్లుందేంది?" అని. అప్పుడు నువ్వు, చేతిలో మైకుందన్న ఇంగితం కూడా లేకుండా, ఏమన్నావు?

"జ్వరంతో ఉంటే మాయక్కే తీసకచ్చి పాడిచ్చిందత్తా. నేనేం చేసేది?"

మైకులో అన్నావురా! రెండు వందల మంది తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. ఆ పూట నుంచి ఊళ్ళో ఒకటే మాట, కూతురే పాడించి పాడించి తల్లిని చంపిందని. రక్తంలో కణాలు పడిపోయాయి, దోమకాటు జ్వరం అని ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట ఎవరికి కావాలి? ఊరికి నువ్వు మైకులో చెప్పిందే వేదం.

అమ్మకు ఆ రోజు జ్వరం లేదు. నీ మిషన్‌తో నువ్వే ఏదో చేశావు. ఏం చేశావో రాయి.

భువనేశ్వరి


ప్రొద్దుటూరు,
24 ఆగస్టు.

అక్కకు నమస్కారం.

చూసుకో, నేను నమస్కారాన్ని కొట్టెయ్యలేదు.

నీకొక్కదానికే కోపమొస్తుందా? అంతమంది ముందర నా చొక్కా పట్టి గుంజావు. రెండు గుండీలు తెగి ఎటో పడిపోయాయి. నేను మైకు కింద పెట్టే లోపల పెన్‌డ్రైవు పీకి మొహాన కొట్టావు. నేను ఒక్క మాట అన్నానా? పెద్దదని ఊరుకున్నాను. అమ్మ నీకొక్కదానికే అమ్మయినట్టు ఏడుస్తున్నావు.

జ్వరం లేదని గంగమ్మ మీద ప్రమాణం చెయ్యి చూద్దాం. ఆ రోజు మీరు పోయినాక స్టూడియో ఊడిస్తే చెత్తలో జ్వరం బిళ్ళల షీటు దొరికింది. రెండు బిళ్ళలు ఖాళీ. నేను వేసుకోలేదు. హార్మోనియం వాయించిన ఫకీర్ సాహెబూ వేసుకోలేదు. మరి ఎవరు మింగినట్టు? నిప్పు లేనిదే పొగ రాదు. నేను ఉన్నమాటే అన్నాను. మైకు ఆన్‌లో ఉండడం నా తప్పే, ఒప్పుకుంటాను. మాట మాత్రం తప్పు కాదు.

ఇంక మిషన్ సంగతి. అది ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డరు. ఎనిమిది చప్పుళ్ళను ఎనిమిది దారుల్లో వేరువేరుగా పట్టి పెడుతుంది. అమ్మ గొంతు ఒక దారి, హార్మోనియం ఒక దారి, మిగతా ఆరూ ఖాళీ. ప్రొద్దుటూరులో ఇట్లాంటిది నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. దుమ్ము పడకుండా నీ మరదలు కవిత చీరముక్క కప్పి పెట్టుకున్నాను. అది ఉన్నది ఉన్నట్టు చెప్పే మిషన్. దానికి మన మాదిరి పగలూ పంతాలూ లేవు.

అత్త అందరికీ సీడీలు పంచాలనింది కదా, దానికోసం రేటు మార్చడం తప్ప నేను ఆ పాటను వేలితో కూడా ముట్టలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే పో.

చెన్నకేశవ


పులివెందుల,
2 సెప్టెంబరు.

చెన్నకేశవకు,

రేటు మార్చావా! అట్ల చెప్పు మరి!

అమ్మ పోయి నెల తిరగలేదు, అమ్మ పాటకు రేటు కట్టావా? మొదట ఏ రేటు చెప్పావు, తర్వాత ఎంతకు మార్చావు? కొన్న మారాజెవరు? మీ బావ జయచంద్ర రోజూ సాయంత్రం చీనీకాయల మండీ నుంచి వచ్చి, రేటు మార్చినారు, రేటు మార్చినారు అని చెంబు విసిరికొడుతుంటాడు. కాయకు రేటుంటుంది, పొట్టేలుకు రేటుంటుంది. అమ్మ గొంతుకు కూడానా? థూ!

ఇప్పుడంతా అర్థమైంది. మంచి పాట కొన్నవాడి చేతిలో పెట్టి, చెడిపోయింది మా మొహాన కొట్టావు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి జ్వరం కథ అల్లావు. అమ్మ పాట ఎవరి దగ్గరుందో పేరు రాయి. నేనే పోయి కాళ్ళు పట్టుకొని అడుక్కుంటాను.

బిళ్ళల షీటు గురించి గొప్పగా రాశావు. తలనొప్పి అంటే ఇచ్చాను. తలనొప్పికీ జ్వరానికీ ఒకటే బిళ్ళ అని నీకు తెలియదా? చెత్త వెతికే తెలివి పాట వినడంలో ఉంటే బాగుండేది.

భువనేశ్వరి


ప్రొద్దుటూరు,
15 సెప్టెంబరు.

అక్కకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండింది. పిల్లకాయలకు పాఠాలు చెప్పే టీచరమ్మవు, రేటంటే నీకు చీనీకాయల రేటేనా?

ఇది శాంప్లింగ్ రేటు. మిషన్ మన గొంతును సెకనుకు ఇన్ని ముక్కలని కోసి దాచుకుంటుంది. ఆ లెక్క పేరే రేటు. అమ్మ పాట తీసినప్పుడు అది సెకనుకు నలభై ఎనిమిది వేలు. ముందురోజు పెండ్లి వీడియో పని చేశాను, దానికి అంతే పెడతాము, అమ్మ పాటకూ అదే ఉండిపోయింది. సీడీకి పట్టేది నలభై నాలుగు వేలా వంద. అందుకని మార్చాను. ఇంత సన్నటి ముక్కల్లో తేడా ఏ చెవికీ తెలియదు. నేను ఎవరికీ ఏదీ అమ్మలేదు. అమ్మానని ఇంకొకసారి రాస్తే నీ ఉత్తరం విప్పకుండానే పొయ్యిలో పెడతాను.

పాట చెడింది మిషన్ వల్ల కాదు. అమ్మకు ఊపిరి చాలలేదు. మంగళం దాకా కూడా పోలేకపోయింది. ముప్పై ఐదేళ్ళలో ఒక్కసారైనా మంగళం పాడకుండా లేచిందా? ఆ రోజే ఎందుకు అట్లయిందో నువ్వే ఆలోచించుకో.

చెన్నకేశవ


పులివెందుల,
19 నవంబరు.

కేశవా,

ఆలోచించుకున్నాను. రెండు నెలలుగా నాకు అదే పని.

ఆ రోజు పొద్దున జమ్మలమడుగు బస్సులో అమ్మ చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. తలనొప్పి అని నీకు రాసింది అబద్ధం. "మా, ఇంకో రోజు పోదామా?" అన్నాను. "ఇంతదూరం వచ్చినాం గదే, కానీలే" అంది. ప్రొద్దుటూరు బస్టాండులో బిళ్ళలు కొని, రెండు మింగించి, నీ దగ్గరికి తెచ్చాను. నేను గట్టిగా పట్టుబడితే వెనక్కి తిరిగేదే. నాకే ఆశ. ఈసారి తప్పితే మళ్ళీ ఒప్పుకోదేమోనని.

చప్పుడవుతుందని నన్ను గాజు తలుపు బయట కూర్చోబెట్టావు. అమ్మ నోరు కదలడం చూశాను కానీ ఒక్క ముక్క వినలేదు. వినుంటే, గొంతు అట్ల జారిపోతుంటే, నేనే లోపలికి వచ్చి ఆపేదాన్ని.

మొన్న జమ్మలమడుగు పోయినప్పుడు అత్త దొడ్డి దగ్గర నిలబడి, సీడీలో నుంచి ఫోన్లోకి ఎక్కించుకున్న ఆ పాట పెట్టాను. అమ్మ చేతి మేత తిని పెరిగిన నల్లగొర్రె ఉంది కదా, అమ్మ కూనిరాగం తీసినా మోర ఎత్తి చూసేది. అది చెవి కూడా కదపలేదు. మేత తింటానే ఉంది. నీ మాటే నిజమేమో. ఆ పాటలో అమ్మ లేదు. నేనే లేకుండా చేశాను.

బడిలో పిల్లలకు పద్యం ఎత్తుకొని నడుమనే ఆపేస్తున్నాను. మీ బావ డాక్టరు దగ్గరికి పోదామంటున్నాడు. డాక్టరు ఏం చేస్తాడు?

ఇంక రాయను.

భువనేశ్వరి


పులివెందుల,
28 జనవరి 2024.

ఒరేయ్ కేశవా!

ఇంక రాయనన్నాను కదూ? రాస్తున్నాను. కూర్చొని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నిన్న జమ్మలమడుగులో ఫకీర్ సాహెబు ఇంటికి పోయాను. పెద్దదినానికి ఆయన లేడు, కంటి ఆపరేషనుకు కడపకు పోయి ఉన్నాడు. తర్వాత కూతురింట్లోనే ఉండి మొన్ననే వచ్చాడు. నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. "ఆ పాట ఒకసారి వినిపిచ్చమ్మా, ఆయమ్మతో నేను వాయించిన ఆఖరి పాట" అన్నాడు. నాకు ఇష్టం లేదు. పెద్దాయన అడిగాడని ఫోన్లో పెట్టాను.

నిమిషం కూడా వినలేదు. "ఆపమ్మా" అన్నాడు. లేచి పోయి హార్మోనియం తెచ్చుకున్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. ఒక మెట్టు నొక్కాడు, పక్క మెట్టు నొక్కాడు, మళ్ళీ మొదటిది నొక్కాడు. మొహం చిట్లించాడు.

"సుబ్బరత్నమ్మ శృతి ఎంత?" అని నన్నే అడిగాడు.

"ఐదున్నర. చిన్నప్పటినుంచీ వింటాండా, ఐదున్నర తప్పితే పాడదు" అన్నాను.

"ఇది ఐదున్నర గాదు. ఐదు గూడా గాదు, నాలుగున్నర గూడా గాదు. నల్ల మెట్టుకూ తెల్ల మెట్టుకూ సందులో ఇరుక్కొనుంది. ఈ సందులో ఏ పెట్టె మోగదు, దీనికి నేనెట్ల వాయించుంటానమ్మా?"

"జ్వరంతో పాడిందని గొంతు దిగిపోయింది సాహెబూ" అన్నాను. నోరు తిరగలేదు, అయినా అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. పాటను మొదటికి తిప్పమన్నాడు. అమ్మ ఇంకా నోరు తెరవకముందు, ఒట్టి హార్మోనియమే మోగే చోటికి. విన్నాడు. తన పెట్టె మీద అదే ముక్క వాయించాడు. రెండూ కలవలేదురా! ఫోన్లోది కిందికి ఉంది, ఆయన వాయించేది పైకి ఉంది.

"చూడమ్మా భువనా, ఈ పెట్టె మా నాయనది. నలభై ఏండ్లుగా దీని శృతి ఎంట్రుకంత దిగలా. మనిషికి జ్వరమొస్తే గొంతు దిగుతాది, సరే. హార్మోనియానికి గూడా జ్వరమొస్తాదా?"

ఐదు నెలలు నన్ను నేను చంపుకుంటూ ఉంటే ఈ ఒక్క మాట ఎవరికీ తోచలేదు. నీకు తోచలేదా, హార్మోనియం ట్రాకు వేరే పెట్టుకున్న మొనగాడివి?

ఇంకొకటి విను. మంగళం లేదన్నావు. సాహెబు ఏమన్నాడో తెలుసా? "మంగళం దాకా వాయించినా గదమ్మా! శుక్రవారం గదా, జుమ్మా టైమయిందని మంగళం అయిన మరునిమిషం పెట్టె మూసి లేసినా. ఆయమ్మ అంత బాగా పాడి శానా ఏండ్లయింది. జ్వరమెక్కడిది, ఈల వేసినట్టుండె గొంతు!"

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదంట. నువ్వు దాన్ని తిరగేశావు. ఓడు మద్దెల నీ చేతిలో పెట్టుకొని, ఆడినమ్మను తిట్టావు. అమ్మను తిట్టావు, నన్ను తిట్టావు. అమ్మ పాడిన మంగళం ఏమైంది? దానికి నువ్వెప్పుడు మంగళం పాడావు? ఇదంతా నీకు తెలిసి చేశావా, తెలియక చేశావా? ఈ ఒక్కటీ రాయి. తెలియక చేసుంటే మూర్ఖుడివని వదిలేస్తాను. తెలిసి చేసుంటే, రాయి, తర్వాత చూస్తాను.

భువనేశ్వరి


పులివెందుల,
20 ఫిబ్రవరి.
(కార్డు)

చెన్నకేశవకు,

హార్మోనియానికి జ్వరమొస్తుందా? జవాబు రాయి. కార్డు మీద ఎందుకు రాశానంటే మీ వీధి పోస్టుమ్యానూ, నీ కింది కొట్టు వాళ్ళూ అందరూ చదవాలని. వారానికొకటి వేస్తాను.

భువనేశ్వరి


ప్రొద్దుటూరు,
10 మార్చి.

అక్కకు,

మూడు కార్డులూ అందాయి. కింది కొట్టు గౌస్ మొహిద్దీన్ పైకి వచ్చి మరీ అడిగాడు, "ఏమప్పా కేశవా, హార్మోనియంకు జ్వరమంట, ఏం సంగతి?" అని. చెప్పలేక చచ్చాను.

రాదక్కా. హార్మోనియానికి జ్వరం రాదు.

మిషన్లో ఒకసారి పాట మొదలుపెట్టాక దాని రేటు మార్చడానికి కుదరదు. ఇంకో రేటు కావాలంటే ఆ రేటుతో కొత్త పాట తెరిచి, పాత ముక్కలను కంప్యూటర్లో పద్ధతి ప్రకారం మార్చుకొని, అప్పుడు ఎక్కించాలి. పెద్దదినానికి ముందురోజు నాకు ఓపిక లేదు. షామియానా వాడు ఒక పక్క, వంటవాళ్ళు ఒక పక్క. ముక్కలను మార్చకుండానే, వాటి మీదున్న రేటు చీటీ ఒక్కటే మార్చి, అట్లే ఎత్తి కొత్త పాటలో పడేశాను. మిషన్ వద్దనలేదు. మోగింది. నేను పూర్తిగా వినలేదు. వినకుండానే మైకుకు పెట్టాను.

నీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. దొడ్డి వాకిట్లో నిమిషానికి నలభై ఎనిమిది గొర్రెలు దాటుతాయనుకో. వాకిలి సన్నం చేసి నలభై నాలుగే దాటేటట్టు చేస్తే, గొర్రెలు తగ్గవు. మంద దాటడం ఆలస్యమవుతుంది. పాట అట్ల సాగింది. సాగితే గొంతు దిగుతుంది, హార్మోనియమూ దిగుతుంది. ఇరవై రెండు నిమిషాల పాట ఇరవై నాలుగైంది. నేను చీటీలో రాసుకున్నది ఇరవై రెండు. ఆ లెక్కన అక్కడికి కోసేశాను. ఆ కోతలో మంగళం పోయింది. అమ్మ ఆపలేదు. నేను కోశాను.

తెలిసి చేశావా తెలియక చేశావా అని అడిగావు. షామియానా కింద అత్త అడిగినప్పుడు తెలియదు. నిజంగానే జ్వరం వల్ల అనుకున్నాను, నోటికొచ్చింది అన్నాను. తెలిసింది నీ వల్లే. రేటు మార్చావా, ఎంతకు అమ్మావు అని రాశావు చూడు, ఆ ఉత్తరం వచ్చిన రోజు. నిన్ను ఎగతాళి చెయ్యడానికి రేటు గురించి సరిగ్గా రాద్దామని మిషన్ తెరిచాను. పాత పాటలో నలభై ఎనిమిది, కొత్త పాటలో నలభై నాలుగు, ముక్కలు మాత్రం రెండింటిలోనూ అవే. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను.

అదంతా అయినాకే నీకు సెప్టెంబరు ఉత్తరం రాశాను. "ఏ చెవికీ తెలియదు" అని రాసింది అంతా తెలిసినాకే. "నువ్వే ఆలోచించుకో" అని రాసింది కూడా అప్పుడే.

ఎందుకని అడగొద్దు. మైకులో అన్న మాటను ఏ మైకులో వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. రికార్డింగ్ కేశవకు సొంత తల్లి పాట ఎక్కించడం కూడా చేతకాలేదంటే ఈ ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారు? పైగా నువ్వు చొక్కా పట్టుకున్న కోపం. నవంబరులో నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. అయినా రాయలేదు. తేలు కుట్టిన దొంగ మాదిరి ఉన్నాను.

గొర్రె ఒక్కటి కూడా పోలేదక్కా. ముక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ ఉత్తరంతోపాటు పెన్‌డ్రైవు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అమ్మ పాడింది పాడినట్టే, నలభై ఎనిమిది మీద, మంగళంతో సహా. మంగళం తర్వాత ఇంకో నిమిషం మాటలున్నాయి. అవి ఏ లెక్కన చూసినా నేను తెలిసే కోసేవాణ్ణి. ఇప్పుడు కోయలేదు. అందులో ఏముందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఒక్కదానివే విను.

చెన్నకేశవ


పులివెందుల,
24 మార్చి.

చెన్నకేశవకు,

విన్నాను.

బడి నుంచి వచ్చి, తలుపు వేసుకొని, ముందు కూర్చొని విన్నాను, తర్వాత నిలబడి విన్నాను. ఐదున్నర. సాహెబు చెప్పినట్టే ఈల మాదిరి ఉంది. 

"ఏరు దాటే తల్లి, మాయమ్మ గంగమ్మా,
మంద ముందర నడువు, మాయమ్మా"

అని ఆ చివరి 'మాయమ్మా' దగ్గర గొంతు పైకి లేపుతుంది చూడు, అక్కడ ఊపిరి తెగనే లేదు. జ్వరం బిళ్ళ మింగిన మనిషిరా! చెయ్యి వెచ్చగా ఉండె, గొంతు మాత్రం మామూలుగానే ఉండె. ఎనిమిది నెలల తర్వాత నేను మా అమ్మ గొంతు విన్నాను. ఏడ్చాను. మీ బావ కూడా వచ్చి గడప మీద కూర్చొని విన్నాడు. కండువాతో మొహం తుడుచుకొని తోటకు పోయాడు.

మంగళం అయింది. సాహెబు పెట్టె మూసిన చప్పుడు, తలుపు చప్పుడు. ఆ తర్వాత ఆ నిమిషం. నువ్వు చెయ్యి రాదన్నావు కదా, నాకు వస్తుంది. రాస్తాను, చదువుకో.

"అయిపాయనా కేశవా?"

"అయిపాయమా. శానా బాగొచ్చింది."

"ఇంకోటి ఉండాదిరా, మంద మళ్ళిన పాట. తోలేది పాడి మళ్ళిచ్చేది పాడకపోతే ఎట్ల? మంద కొండ మీదే ఉండిపోతాది. అది భువనకు గూడా సగమే వచ్చు. పట్టుకో, పాడ్తా."

"రేపు చూద్దాంలేమా. పెండ్లి వీడియో వాళ్ళు వచ్చి కూచోనుండారు."

"రేపా? సరే, నీ పని చూసుకోపో."

తర్వాత టక్కుమని చప్పుడు. అది నువ్వు మిషన్ ఆపిన చప్పుడు.

నీ గొంతు ఈ జన్మలో విననని ఒట్టు పెట్టుకున్నాను. అమ్మ పాట చివర్లో నీ గొంతే పెట్టి పంపావు. నా ఒట్టు కూడా నువ్వే చెడగొట్టావు.

నేను పాడించి చంపానని ఊరంతా అంది. ఐదు నెలలు నేను కూడా అనుకున్నాను. ఆమె ఇంకా పాడతానంటే వద్దన్నది నువ్వురా! జ్వరంతో ఉన్న మనిషి, అడగకుండానే, ఎవరూ బతిమాలకుండానే, తనంతట తాను పట్టుకో పాడ్తా అంది. నన్ను మూడేళ్ళు తిప్పుకున్న మనిషి నిన్ను తానే అడిగింది. నువ్వు రేపన్నావు. ఆ పాట అమ్మకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రాదు. అది ఏ రేటు పెట్టినా ఇంక రాదు.

రేటు తప్పును నేను క్షమిస్తాను. అది వేలితో జరిగిన తప్పు. సెప్టెంబరు ఉత్తరాన్ని క్షమించను. ఆ 'రేపు'ను ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నేను కూడా బస్సులో ఇంకో రోజు పోదామా అన్నాను, అందుకే నిన్ను ఎంత తిట్టాలో అంత తిట్టలేకపోతున్నాను. దానికి ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. సంవత్సరికానికి నాలుగు నెలలుంది. అదే షామియానా, అదే మైకు, అత్త ముందర కూర్చోవాలి. నలభై ఎనిమిది మీద పాట మొత్తం పెట్టు. మంగళం తర్వాత ఆ నిమిషం కూడా పెట్టు. అమ్మ మాటలు, నీ మాటలు, ఆ టక్కుమనే చప్పుడు, అన్నీ వినిపించు. ఒక్క ముక్క కూడా కోయొద్దు. నువ్వు మైకు పట్టుకొని వేరే ఏమీ చెప్పాల్సిన పని లేదు.

దొడ్డి దగ్గర నల్లగొర్రెకు ఈ పాట ఇంకా వినిపించలేదు. మళ్ళించే పాట లేకుండా తోలే పాట వినిపించి దాన్నెందుకు మోసం చెయ్యాలి?

రంజాన్ పండగ అయినాక, ఏప్రిల్ పద్నాలుగు ఆదివారం, పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వస్తున్నాను. ఫకీర్ సాహెబు జమ్మలమడుగు నుంచి పెట్టె తీసుకొని వస్తానన్నాడు. అమ్మ పాటలోనే, ఆ టక్కుమన్న చప్పుడు తర్వాత, ఖాళీ ట్రాకు తెరిచి పెట్టు. మంద మళ్ళిన పాట నాకు సగమే వచ్చు. ఆ సగం పాడతాను. రానిచోట ఆగుతాను. ఆగిన చోటును అట్లే ఉంచు, సంగీతంతో పూడ్చొద్దు. సగం మందైనా ఇల్లు చేరనీ.

నీతో మాట్లాడడానికి రావడం లేదు. పాడి పోతాను. పెండ్లి వీడియో వాళ్ళుంటే ముందే పంపించెయ్. మిషన్‌ను నలభై ఎనిమిది వేలకు పెట్టి ఉంచు. నేను వచ్చినాక రేటు ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను.

భువనేశ్వరి